పదిహేడో నంబరు ఆకాశం

రావిగుంటపాలెంలో ప్రేమదాసు ఇల్లెక్కడ అని అడిగితే, ఏ ప్రేమదాసు అని ఎదురు ప్రశ్న వేస్తారు. చర్చి గంట కొట్టే ప్రేమదాసు ఉన్నాడు, ట్రాక్టరు ప్రేమదాసు ఉన్నాడు, ఊరికే తిరిగే ప్రేమదాసు కూడా ఉన్నాడు. ఆకాశం దాసు ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం చంటిపిల్లలు సైతం వేలు పెట్టి చూపిస్తారు. ఆ పేరు విని పొంగిపోయిన రోజులు అతనికి ఉన్నాయి. అదే పేరు వీధిలో ఎవరి నోటనైనా వినబడితే పక్క సందులోకి తిరిగిపోయిన రోజులూ ఉన్నాయి. ఈ రెండింటికీ మధ్య జరిగింది చెప్పుకోవాలి.

దాసుకి నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. పెంచింది అక్క రెబ్కా. ఆమెకీ అప్పుడు పద్నాలుగేళ్లే. మిరపకోతలకి ఎక్కడికి పోయినా తమ్ముణ్ణి చంకనేసుకుని పోయి, చేలో ఓ పక్క గట్టు మీద కూర్చోబెట్టి, మధ్య మధ్య తలెత్తి చూసుకుంటూ కాయలు కోసేది. గట్టు మీద పిల్లవాడికి ఏం పని? ఆకాశం చూడటమే పని. సాయంత్రమయ్యేసరికి కోటప్పకొండ వెనక పొద్దు దిగుతుంటే, కూలీలందరూ ఇంటిదారి పట్టే హడావిడిలో ఉంటే, వీడు మాత్రం కదలనని మొండికేసేవాడు. "పొద్దు నీ అబ్బ సొమ్మంటరా, రేపు గూడా వస్తది లేరా" అని రెబ్కా రెక్క పట్టుకుని లాక్కుపోయేది.

పదో తరగతి తప్పాక, తొంభై ఏడులో, అతన్ని చిలకలూరిపేటలో గౌస్ బాషా స్టూడియోలో చేర్చిందీ ఆమే. గౌస్ బాషా పనిమంతుడు, నోరు మాత్రం మిరపకాయ కంటే ఘాటు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది: "ఎండలో మనిషిని తీసేటప్పుడు ముఖం కావాలా ఆకాశం కావాలా తేల్చుకో. రెండూ రావు. ముఖం కనపడాలంటే ఆకాశం సున్నం కొట్టినట్టే వస్తది. జనం డబ్బులిచ్చేది ముఖానికి, ఆకాశానికి కాదు." నిజమే, ఎవరూ ఆకాశానికి డబ్బులివ్వరు. అయినా దాసుకి ఆ తెల్లటి ఆకాశాన్ని చూస్తే ఒళ్లు మండేది. పెళ్లికూతురి తల వెనక వెల్ల వేసిన గోడలాగా అదేంటి? దేవుడు ఇన్ని రంగులు పెడితే, మన రీలు ఒక్కటి కూడా పట్టుకోలేకపోయిందే అని కుమిలిపోయేవాడు.

రెండు వేల ఒకటిలో సొంత ఊళ్లో, బస్సులు ఆగే చోట, రేకుల గదిలో స్టూడియో పెట్టాడు. పెట్టినప్పటి నుంచి ఒకటే పిచ్చి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సాయంత్రం నాలుగున్నర అయితే స్టూడియోకి తాళం. సైకిలు మీద చెరువుకట్ట దాటి, పత్తిచేల మధ్య బండిబాట మీదికి పోయి నిలబడేవాడు. ఆ నెలల్లో మా వైపు ఆకాశం సంగతి తెలిసినవాళ్లకి తెలుసు. పీకిన పత్తి కట్టె కాల్చిన పొగ, లారీలు లేపిన దుమ్ము, అంతా పైకెక్కి కూర్చుంటుంది. సూర్యుడు అందులో దిగేటప్పుడు చూడాలి. కస్టమర్లు వచ్చి తాళం చూసి తిట్టుకుని పోయేవాళ్లు. "మొగుడు ఫోటోలు తీస్తాడని చేసుకున్నా గానీ, మబ్బులు కాస్తాడని నాకెవరు చెప్పారు" అని పెళ్లాం ఆరాధన నలుగురిలో అనేది. దాసు నవ్వేవాడు.

రెండు వేల నాలుగులో డిజిటల్ కెమెరా, ఓ పాత కంప్యూటరు కొన్నాడు. అప్పటితో అతని దశ తిరిగింది. గౌస్ బాషా పాఠం తప్పయిపోయింది. ముఖానికి ముఖం, ఆకాశానికి ఆకాశం విడివిడిగా తీసి, కంప్యూటరులో కలిపేయవచ్చు! మనిషి చుట్టూ మౌసుతో గీత గీసి, వెనకున్న తెల్లదనాన్ని కోసి పారేసి, అక్కడ తన ఆకాశాన్ని పరిచేవాడు. మొదట్లో పెళ్లికూతుళ్ల జడలు, చెవులు తెగిపోయేవి. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. ఎన్ని సాయంత్రాలు పట్టాడో అన్నిటికీ నంబర్లు వేసి దాచాడు.

వాటన్నిటిలోకీ పదిహేడో నంబరుది రాణీభోగం. కొండ మూడు శిఖరాల మీద కుంకుమ రంగు, పైన ఏకిన పత్తిలాంటి మబ్బు, ఆ మబ్బు అంచున పసుపు, కుడివైపు రెండు కొంగలు. ఆ రోజు దానికి అడ్డంగా ఓ కరెంటు స్తంభం, నాలుగు తీగలు ఉన్నాయి. వాటిని చుక్క చుక్కగా తుడిచేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎరుపు కొంచెం పెంచాడు. కింద మసకని కొంచెం తేల్చాడు. తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెళ్లి ఆల్బమ్ తెరిచినా అదే ఆకాశం. ఒకసారి ఒక పెళ్లికొడుకు మేనమామ అడ్డం తిరిగాడు. కొత్త దంపతుల వెనక అస్తమించే సూర్యుణ్ణి పెడతావా, బుద్ధుందా అని. దాసు తడుముకోకుండా "అది తెల్లవారుజాము అండీ" అన్నాడు. ఆయన ఫోటోని దగ్గరగా, దూరంగా పట్టుకు చూసి, అవునవును, తెల్లవారుజామే అని ఒప్పుకుని రెండు కాపీలు ఎక్కువ వేయించుకున్నాడు. అలా ఎదురులేకుండా సాగిపోయింది రెండేళ్లు. నా మాట అడిగితే, మనిషికి ఎదురులేకపోవడం అంత మంచిది కాదు.

ఆ రెండేళ్లలోనే అక్క రెబ్కా, బావ ఆదాం ధైర్యం చేసి అంకమ్మరావు గారి రెండెకరాలు కౌలుకి తీసుకున్నారు. అంతకుముందు ఇద్దరూ కూలికి పోయినవాళ్లే. ఇరవై ఏళ్లు ఇతరుల చేలల్లో మిరపకాయలు కోసిన రెబ్కాకి ఒక్కసారి తన చేను అనుకుని కోయాలని ఉండేది. కౌలుదే కానీ, ఆ రెండెకరాల్లో ఆమె తిరిగే తీరు చూస్తే పట్టా ఉన్నవాళ్లు కూడా సిగ్గుపడాలి. రెండు వేల ఆరులో కాపు విరగకాసింది. మార్చి మొదటివారానికి కాయంతా కోసి, ఊరిబయట కల్లంలో ఎండబోశారు. ఇంకో వారం ఎండితే గుంటూరు యార్డుకి వెళ్లవలసిన సరుకు.

అప్పుడు ముసురు పట్టింది. కాలం కాని వాన, రెండు రోజులు, రెండు రాత్రులు. పట్టలు కప్పారు, చుట్టూ మట్టికట్టలు వేశారు. పైనుంచి ఆపగలిగారు గానీ, కిందనుంచి నీళ్లు పాకాయి. మూడోనాడు పట్ట ఎత్తితే ఎర్రటి కాయ తెల్లగా పాలిపోయి, వేళ్లతో నొక్కితే చితికిపోతోంది. రెబ్కా ఏడవలేదు. గంపతో తడి కాయ ఎత్తి ఆరిన చోటికి పోస్తూ, మళ్లీ ఎత్తుతూ, మళ్లీ పోస్తూ ఉంది. ఎక్కడ పోసినా తడే.

ఊళ్లో నలభై ఒక్కమందిది అదే గతి. గురువారం పంచాయతీ కార్యదర్శి మైకులో చెప్పించాడు. నష్టపోయిన వాళ్లు సర్కారు సాయానికి అర్జీ పెట్టుకోవాలి, పాడైన సరుకు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో జతచేయాలి, శనివారం సాయంత్రంలోగా ఇవ్వాలి. సొంత భూమి ఉన్నవాళ్లకి పాస్‌బుక్ ఉంది, ఫోటో తోడు మాత్రమే. కౌలు వాళ్లకి ఏ కాగితమూ లేదు. పుస్తకంలో పేరు ఆసామిది, చేలో చెమట వీళ్లది. కాబట్టి వీళ్లకి సాక్ష్యం అంటే ఆ ఫోటో ఒక్కటే. ఆ సాయం రాకపోతే కౌలు కట్టలేరు. కౌలు కట్టకపోతే అంకమ్మరావు గారు చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు. ఆయనేం దుర్మార్గుడు కాడు, ఆయన లెక్క ఆయనది.

దాసు ఆ గురువారమే కల్లాలన్నీ తిరిగాడు. సన్న తుంపర పడుతూనే ఉంది. కెమెరాకి పాలిథిన్ సంచి చుట్టి, బురదలో మోకాళ్ల దాకా దిగి, నలభై ఒక్కమందినీ తీశాడు. ఇంటివాళ్లే గదా అని అక్కని ఆఖరున తీశాడు. రెబ్కా పాలిపోయిన కాయ దోసిట్లోకి తీసుకుని, కెమెరా వైపు చాపి నిలబడింది. "నవ్వాలా?" అని అడిగింది. ఫోటో అంటే నవ్వాలని ఆమెకి తెలుసు గానీ, ఇది ఏ రకం ఫోటోనో తెలియలేదు. "వద్దులే అక్కా" అన్నాడు దాసు.

శుక్రవారం పొద్దున్నే పిడుగురాళ్లలో పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు. కెమెరాకి ఉన్నది ఒక్కటే మెమరీ కార్డు. ఫోటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, కార్డు తుడిచేసి పెళ్లికి పోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి పనికి కూర్చున్నాడు.

మొదట అక్క ఫోటోనే తెరిచాడు. ముఖం నల్లగా ఉంది. వెలుతురు పెంచాడు. పెంచితే వెనక ఆకాశం తెల్లగా వెలవెలబోయింది, గౌస్ బాషా చెప్పినట్టే, సున్నం కొట్టినట్టు. దాసు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అక్కది జన్మలో ఇది మూడో ఫోటో. మొదటిది పెళ్లిది, రెండోది రేషన్ కార్డుది. ఇది ఆఫీసర్ల బల్ల మీదికి పోతుంది. పెద్దవాళ్లు చూస్తారు. మనవాళ్లు ఇంత పేలవంగా కనపడితే ఎట్లా, దరిద్రం ఫోటోలో కూడా కనపడాలా అనుకున్నాడు. చెయ్యి దానంతటదే పోయినట్టు పోయింది. గీత గీశాడు, తెలుపు కోశాడు, పదిహేడో నంబరు తెచ్చి పరిచాడు. కుంకుమ రంగు వెలుగులో అక్క మహారాణిలా ఉంది. అక్కకి చేసి మిగతావాళ్లకి చేయకపోతే ఊళ్లో మాట పడాలి. పైసా ఎక్కువ అడక్కుండా నలభై ఒక్కటికీ అదే ఆకాశం వేశాడు. వేసి, పాతవాటి మీదే సేవ్ చేశాడు. రెండేళ్లుగా పెళ్లి ఫోటోలకి అలాగే చేస్తున్నాడు. తెల్ల ఆకాశం వెనక్కి కావాలని ఎవరు మాత్రం అడుగుతారు?

ఇక్కడ దాసు ఒక్కణ్ణే తిట్టుకుంటే న్యాయం కాదు. శనివారం పొద్దున ఫోటోలు తీసుకోవడానికి ఊరంతా వచ్చింది. ఒక్కరంటే ఒక్కరు, ఇదేందయ్యా అనలేదు. పైగా మురిసిపోయారు. "నా కల్లం ఇంత బాగుంటదా!" అన్నాడు ఒకాయన. నష్టపోయిన కల్లం అది! సర్పంచి తన ఫోటోని పక్కవాడి ఫోటోతో పోల్చి, కొంగలు తనవే పెద్దగా పడ్డాయని సంతోషించాడు. వచ్చినవాళ్లలో ఆదాం ఒక్కడే ఫోటోని చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు పొద్దు కనపళ్లా గదరా దాసూ" అన్నాడు మెల్లగా.

"చూడటానికి బాగుంటదని ఏశా బావా."

ఆదాం ఫోటోని అర్జీ కాగితాల మధ్య పెట్టుకున్నాడు. చదువుకున్నవాడు, కంప్యూటరు తెలిసినవాడు, వాడికంటే నాకెక్కువ తెలుసా అనుకున్నాడు. తర్వాత జన్మంతా ఆదాం బాధపడింది ఆ ఒక్క మాట గట్టిగా అననందుకే.

మంగళవారం ఎంక్వయిరీకి ఆఫీసరు వచ్చాడు. పంచాయతీ ఆఫీసు బల్ల మీద ఫోటోలు ఒక్కొక్కటీ తీసి పేకముక్కలు పరిచినట్టు పరిచాడు. పరుస్తూ పరుస్తూ ఆగాడు. ఒక ఫోటో ఎత్తాడు, ఇంకోటి ఎత్తాడు. నలభై ఒక్క కల్లాలు, ఒకటే సూర్యుడు. నలభై ఒక్కమంది నెత్తి మీద అవే రెండు కొంగలు. దాసుని పిలిపించారు.

"రెండు రోజులు ముసురని అర్జీల్లో రాశారు. ముసుర్లో ఈ సూర్యుడెక్కణ్ణుంచి వచ్చాడయ్యా?" అని అడిగాడు ఆఫీసరు.

"అది నేనేసిందండీ. పెళ్లిళ్లకి ఏస్తానండీ. ఆకాశం ఒక్కటే అబద్ధం సార్, కిందంతా నిజం. మనుషులు నిజం, కాయలు నిజం."

"ఆకాశాన్నే మార్చినోడివి, కాయల రంగు మార్చలేదని నాకేంటి నమ్మకం?"

చేతకాని పని అయితే చేయలేనని చెప్పుకోవచ్చు. కాయల రంగు మార్చడం దాసుకి చిటికెలో పని, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. పనితనమే మెడకు చుట్టుకున్నప్పుడు మనిషి ఏమని మొత్తుకోవాలి?

"పోనీ, మార్చకముందు తీసిన ఫోటోలు చూపించు" అన్నాడు ఆఫీసరు. ఆయన చెడ్డవాడని నేను అనను. ఒక దారి ఇచ్చాడు, రెండు రోజుల గడువూ ఇచ్చాడు. మళ్లీ కొత్తగా తీద్దామంటే అప్పటికే కల్లాల్లో ఏమీ లేదు. కుళ్లు కంపు కొడుతుంటే కాయంతా వాగులో పోసేశారు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది.

దాసు కార్డు జేబులో పెట్టుకుని గుంటూరు పరుగెత్తాడు. తుడిచిపెట్టిన కార్డులోంచి ఫోటోలు వెనక్కి తీయగలిగిన శ్రీకృష్ణ అనే కుర్రాడు అరండల్‌పేటలో ఉన్నాడని ఎవరో చెప్పారు. బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాడు. శ్రీకృష్ణ ఒక పూటంతా కుస్తీ పట్టాడు. పిడుగురాళ్ల పెళ్లికూతురు వచ్చింది, తలంబ్రాలు వచ్చాయి, పంక్తి భోజనాలు వచ్చాయి. తుడిచిన చోటల్లా పెళ్లి కూర్చుంది. ఆఖరికి ఒకే ఒక్క ఫోటో, అదీ సగం తెరుచుకుంది. పై సగం వచ్చింది, కింది సగం బూడిదరంగు పలక.

"అంతేనన్నా. ఇంతకంటే రాదు" అన్నాడు శ్రీకృష్ణ.

దాసు తెర దగ్గరికి వంగి చూశాడు. అది అక్క ఫోటోనే. కల్లం చివరనున్న తుమ్మచెట్టు కొమ్మ కనపడుతోంది. ముసురు పట్టిన ఆకాశం, నీళ్లు నిండిన మబ్బు, అడ్డంగా పడుతున్న తుంపర, అన్నీ ఉన్నాయి. అక్క లేదు. కాయలు లేవు. అచ్చమైన ఆకాశం దొరికింది గానీ, దాని కింద మనిషి లేదు.

అయినా ప్రింటు వేయించాడు. రెండూ పట్టుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టాడు. "ఇందులో మనిషి ఉందండీ, ఇందులో వాన ఉందండీ. రెండూ కలిపి చూడండి సార్."

ఆఫీసరు రెండింటినీ పక్కపక్కన పెట్టి నిజంగానే చూశాడు. కాసేపటికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కలపడం మనిద్దరివల్లా కాదులేవయ్యా. పైన నన్నడుగుతారు" అని వెనక్కి ఇచ్చేశాడు.

పాస్‌బుక్కులు ఉన్నవాళ్లకి రికార్డులు చూసి రాసుకున్నారు. కౌలు వాళ్లు పదకొండుమంది జాబితాలోంచి పోయారు. పోయిన పేర్లలో రెబ్కా పేరు మొదటిది.

ఆ పదకొండు ఇళ్లకీ దాసు వెళ్లాడు. కొందరు తిట్టారు. తిట్టినవాళ్ల ఇంటి ముందు కాస్త తేలికగా ఊపిరాడింది. కొందరు మంచినీళ్లిచ్చి కూర్చోమన్నారు, అక్కడ కూర్చోలేకపోయాడు. స్టూడియోకి వచ్చి కంప్యూటరులోంచి పదిహేడో నంబరు తీసిపారేశాడు. ఏం లాభం? ఊళ్లో ప్రతి ఇంటి గోడ మీదా అదే వేలాడుతోంది. వారం తిరక్కుండా ఒక పెళ్లివాళ్లు వచ్చి, "ఆ ఎర్ర ఆకాశం ఎయ్యి దాసూ" అని అడిగారు. లేదంటే వినరు. వాళ్ల ఇంట్లో ఉన్న పాత ఆల్బమే తెచ్చి, దీన్ని చూసి వెయ్యమన్నారు. కడుపు నింపుకోవాలి కాబట్టి వేశాడు.

ఉగాది దాటాక అంకమ్మరావు గారు చేను వేరేవాళ్లకి ఇచ్చాడు. రెబ్కా, ఆదాం గుంటూరు పోవడానికి నిశ్చయించుకున్నారు. అక్కడ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని ఏడాది పొడుగునా ఉంటుందట. మళ్లీ ఇతరుల కాయలే, ఈసారి చేను కూడా కంటికి కనపడదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశాడు. సామాను ఆటోలో సర్దుతుంటే, నెల రోజులుగా అక్క మొహం సరిగ్గా చూడని దాసు గోడవారగా నిలబడి ఉన్నాడు.

రెబ్కా తానే అతని దగ్గరికి వచ్చింది.

"ఒరే దాసూ, ఆ ఫోటో ఉందంటరా?"

"ఏ ఫోటో?"

"అదేరా, నేను కల్లంలో నిలబడింది. ఆఫీసులో ఇచ్చిన కాపీ వాళ్లకాడే ఉండిపోయె. ఇంకోటుంటే ఇయ్యి, గుంటూరు గదిలో పెట్టుకుంటా."

"అది వద్దక్కా. ఇప్పుడే మంచిది తీస్తా. ఏమీ మార్చను, ఉన్నది ఉన్నట్టు తీస్తా" అన్నాడు.

"ఇప్పుడు నా ఎనక ఏముందిరా తియ్యడానికి? అదే ఇయ్యి."

స్టూడియోకి పరుగెత్తి, మిగిలిపోయిన ప్రింటు వెతికి తెచ్చాడు. తెచ్చి ఇవ్వలేక ఇచ్చాడు. ఆమె కొంగుతో దాన్ని తుడిచి, వెలుతురు వైపు పట్టుకుంది. తన దోసిట్లో కాయల్ని చూసింది. తర్వాత వెనకున్న సూర్యుణ్ణి, పొడి పొడిగా ఉన్న ఆ మబ్బుల్ని చూసింది. తమ్ముణ్ణి దెప్పాలని ఆమెకి లేదు. ఆ గొంతులో కోపం అణువంత కూడా లేదు. ఉంటే దాసు తట్టుకునేవాడు.

"ఆ రెండ్రోజులూ ఆకాశం నిజంగా ఇట్టా ఉండుంటే ఎంత బాగుండేదిరా తమ్ముడూ" అంది రెబ్కా.